బ్రేక్ మాటకు నూట పన్నెండు చీటీలు

ఆమెను మా ఆఫీసులో వాక్యాలమ్మ అనేవాళ్ళం. ఎదుట కాదు, చాటుగా. ఎదురుపడితే నేను 'అమ్మా' అనేవాణ్ణి, ఆమె 'సార్' అనేది. నన్ను చాటుగా ఎర్ర పెన్సిలు అంటారని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఇతరుల వాక్యాలు గీకి బతికినవాడికి అంతకన్నా మంచి పేరు ఎవరు పెడతారు. ఇది ఆమె కథ. మధ్యమధ్య నేను అడ్డం వస్తాను. ఆమె జీవితంలోనూ నేను అలాగే అడ్డంగా కూర్చున్నాను.

మాది నిఘంటువుల ఆఫీసు. కింద అచ్చుయంత్రం, పైన మేము. యంత్రం తిరిగినంతసేపూ కాళ్ళకింద నేల వణికేది, సిరాసీసాలకు మూతలు బిగించి కూర్చునేవాళ్ళం. ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థం ఇవ్వడం, దాని కింద ఒక ఉదాహరణ వాక్యం చేర్చడం మా పని. వాక్యాలు పేకముక్కంత చీటీలమీద రాస్తాం. వాటి విషయంలో మా పెద్దాయనకు ఒక పట్టుదల ఉండేది. కల్పించిన వాక్యం పనికిరాదు. కళ్ళతో చూసిందో చెవులతో విన్నదో కావాలి. చీటీ అడుగున తేదీ, చోటు, 'చూసింది' లేదా 'విన్నది' అని రాసి తీరాలి.

"బల్ల దగ్గర పుట్టిన వాక్యం బల్లలాగే ఉంటుందయ్యా. నాలుగు కాళ్ళుంటాయి, నడవదు" అనేవాడు పెద్దాయన.

చీటీ అందిన రోజునే గుమస్తా దానిమీద తేదీ ముద్ర కొడతాడు. నేను దిద్దుతాను. తరవాత అది సొరుగులోకి పోతుంది. మా సొరుగులకు తేదీలతో పనిలేదు, ఏ అర్థం చీటీ ఆ అర్థం సొరుగులోకి వెళ్తుంది.

వాక్యాలమ్మ తండ్రి పెద్ద ఇళ్ళలో వంటమనిషి. ఆ ఇళ్ళ పిల్లలు పారేసిన ఇంగ్లీషు పుస్తకాలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. ఎవరెవరి పేర్లో రాసి ఉన్న ఆ పుస్తకాల్లోనే ఆమె చదువు సాగింది. ఏ పుస్తకానికీ చివరి పేజీలు ఉండేవి కావట. "అందుకే సార్, నాకు కథలన్నీ సగం సగమే వచ్చు" అని నవ్వేది. డిగ్రీ పూర్తయింది, పెళ్ళయింది, చిన్నపిల్లల బళ్ళో టీచరుగా కూడా కొన్నాళ్ళు చేసింది. ఆ పెళ్ళి సంబంధం మేనమామ తెచ్చాడు.

పెళ్ళికొడుకు వడ్రంగి. సరుకుల షెడ్డులో యంత్రాలు పంపడానికి చెక్కపెట్టెలు చేసేవాడు. ఇంట్లో ముందుగదిలో కూడా ఒక పనిబల్ల వేసుకున్నాడు. పెట్టెలాయన అంటే ఆ వీధిలో గిట్టనివాళ్ళు లేరు. ఎవరి తలుపు దిగబడినా పిలవకుండానే వెళ్ళి సరిచేసేవాడు, వెళ్తూ వెళ్తూ ఒక జోకు వేసేవాడు. ఇంటి తలుపు గడియ పడ్డాక వేరే మనిషి. ఆ సంగతి ఇద్దరికే తెలుసు, ఆమెకూ, ఏడేళ్ళ కూతురికీ.

హెడ్మాస్టరు చూపు మంచిది కాదని ఆమె బడి ఉద్యోగం అతనే మాన్పించాడు. మా ఆఫీసులో చేరతానంటే ముందుగా తానే వచ్చి మమ్మల్ని చూసుకున్నాడు. పెద్దాయన బోడితల చూశాడు, గుమస్తా వంగిన నడుం చూశాడు, నా కళ్ళద్దాల మందం చూశాడు. "ఏం గురువుగారూ, మీ ముగ్గురికీ కలిపి నూట తొంభై ఏళ్ళుంటాయా?" అని పగలబడి నవ్వాడు. మేమూ నవ్వాం. వీళ్ళవల్ల ప్రమాదం లేదని తేల్చుకుని వెళ్ళాడు. అతని అంచనా సరైనదే. మావల్ల ఎవరికీ ప్రమాదం లేదు, ప్రయోజనం కూడా లేదు.

చేరిన నెలలో పెద్దాయన ఆమెకు 'బ్రేక్' ఇచ్చాడు. కొత్తవాళ్ళకు ఇవ్వకూడని మాట అది. ఇంగ్లీషువాడు లోకంలో పాడయ్యేవాటన్నిటికీ ఒక్క మాటతో సరిపెట్టుకున్నాడు. మనకు అలా కుదరదు. మన దగ్గర గాజు పగులుతుంది, కర్ర విరుగుతుంది, దారం తెగుతుంది, గట్టు తెగుతుంది, పొద్దు పొడుస్తుంది. మాట తప్పుతాం, చట్టం అతిక్రమిస్తాం, దుర్వార్త అయితే మెల్లిగా చెవిన వేస్తాం. మొండిగుర్రాన్ని లొంగదీస్తాం. ఇన్నిటికీ వాడికి ఒకటే బ్రేక్. ఒక్కో అర్థానికి నాలుగైదు చీటీలు కావాలి, పైగా అన్నీ చూసినవో విన్నవో అయి ఉండాలి. ఈ పిల్ల ఎక్కడ తెస్తుందిలే అనుకున్నాను.

తెచ్చింది. వారం వారం తెచ్చింది. 'అతను కప్పు గోడకేసి పగలగొట్టాడు. ఇంట్లో. చూసింది.' నేను పక్కన 'బాగుంది' అని రాశాను. 'అతను పెరటి తలుపు గడియ విరగ్గొట్టాడు. ఇంట్లో. చూసింది.' సహజంగా ఉంది అన్నాను. 'ఇంకెప్పుడూ చెయ్యనని ఇచ్చిన మాట తప్పాడు, మూడోసారి.' ఇక్కడ 'మూడోసారి' అనవసరం అని కొట్టేశాను. 'గోరు విరిగింది' అని ఉంటే, ఏ వేలి గోరో చెప్తే స్పష్టంగా ఉంటుందని రాశాను. చీటీ తిరిగి వచ్చింది, 'పటకారుతో పట్టి లాగేసరికి నా బొటనవేలి గోరు సగానికి విరిగింది' అని. అక్కడ కామా పెట్టాను. వాక్యం చక్కగా కుదిరిందని పెద్దాయనకు చూపించాను కూడా.

ఇరవయ్యో చీటీకి నాకు విసుగొచ్చింది. ఎర్ర పెన్సిలుతో పెద్ద అక్షరాల్లో రాశాను: 'ప్రతి వాక్యంలోనూ కర్త అతనే. పాఠకుడికి మొహం మొత్తుతుంది. కర్త మార్చండి.' మర్నాడు ఆమె 'పాలు విరిగాయి' అని తెచ్చింది. ఇంగ్లీషులో పాలు బ్రేక్ కావని తిప్పి పంపాను. ఆ మర్నాడు 'తెల్లవారింది' అని తెచ్చింది. మంచి వాక్యం, ఒక్క మాటే, ఎవరి గొడవా లేదు. కింద చూస్తే 'వంటగది నేలమీద పడుకుని ఉండగా చూసింది' అని ఉంది. చోటు క్లుప్తంగా రాస్తే చాలని గీత గీశాను.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు ఎడమచేతికి పట్టీతో వచ్చింది. ఏమైందమ్మా అంటే, "బాత్రూంలో జారిపడ్డాను సార్" అంది. అయ్యో, జాగ్రత్త అన్నాను. సాయంత్రం ఆమె చీటీ నా బల్లమీదికి వచ్చింది. 'నా మణికట్టు విరిగింది. వంటగది. చూసింది.' ఆమె నోరు బాత్రూం అంది, చెయ్యి వంటగది అని రాసింది. నేనేం చేశానో తెలుసా. 'చోటు సరిచూడండి' అని రాసి పంపాను. చీటీ తిరిగి వచ్చింది. నా అక్షరాల కింద ఆమె చిన్నగా రాసింది: 'సరిచూశాను.'

ఆ రోజు నాకు తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే అంతకుముందే, గోరు దగ్గరే తెలిసింది. కాని మనకు సామెతలకేం తక్కువ. ఇంటిగుట్టు లంకకు చేటు అనుకున్నాను. ఆలుమగల మధ్య పరాయివాడు దూరితే ఇద్దరికీ చెడతాడనుకున్నాను. నాకూ పెళ్ళాం ఉంది, ఇల్లుంది, ఆ వడ్రంగి చేతులు నేను చూశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆ చీటీని 'ఎముకలు' అన్న సొరుగులో పడేసి ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను. నన్ను నేను తిట్టుకోవడానికి ఇప్పుడు బోలెడు మాటలు దొరుకుతున్నాయి. ఆ రోజు ఒక్క మాట దొరికి ఉంటే సరిపోయేది.

అలా పద్నాలుగు నెలలు నడిచింది.

ఒక సోమవారం ఆమె ఒక్కటే చీటీ ఇచ్చింది. మామూలుగా వేరే మాటలవీ కలిపి ఐదారు ఇచ్చేది. గుమస్తా ముద్ర కొట్టి నా గంపలో వేశాడు. గంపలో అప్పటికే వేరే మాటల చీటీలు నలభై దాకా ఉన్నాయి. వెళ్ళేముందు ఆమె నా బల్ల దగ్గర నిలబడింది. "నాది ముందు చూస్తారా సార్" అంది. వరసలో వస్తుందమ్మా అన్నాను. మంగళవారం ఆమె వచ్చి, పని చేసుకుంటూ రెండుసార్లు నా గంపవైపు చూసింది. చూడనట్టు నటించాను. వరస తప్పడం నాకు ఇష్టం ఉండదు.

బుధవారం ఆమె రాలేదు. పదకొండు గంటలకు ఆ చీటీ నా చేతికి వచ్చింది. 'ఇంకోసారి తన పెన్సిలు ముట్టుకుంటే పాప చెయ్యి విరగ్గొడతానని అతను అన్నాడు. ఇంట్లో, ఆదివారం సాయంత్రం. విన్నది.'

పెద్దాయనకు చెప్పి ఆమె వీధికి పరుగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి నిన్న జరిగిందంతా చెప్పింది. ఆమెకు తెలిసింది సగం. మిగతా సగం చాలా రోజుల తరవాత, పాప నోరు విప్పాక, వాక్యాలమ్మ చెప్పింది. రెండూ కలిపి రాస్తున్నాను.

మంగళవారం సాయంత్రం పెట్టెలాయన కొలతలు గీద్దామని తన వడ్రంగి పెన్సిలు తీశాడు. దాని మొన విరిగి ఉంది. పాప చెక్కముక్కమీద ఇల్లు బొమ్మ గీసుకుంది దానితో. అతను అరవలేదు. ముందు భార్యను వంటగదిలోకి నెట్టి బయట గడియ పెట్టాడు. తరవాత పాపను ఎత్తి పనిబల్ల పక్కన నిలబెట్టాడు, ముద్దుగానే. ఆ చిన్న చేతిని బల్ల అంచుమీద సగం బయటికి వచ్చేలా పెట్టించి, మోచేతి దగ్గర ఒక అరచేత్తో అదిమి, రెండో అరచేత్తో కిందికి నొక్కాడు. సన్నచెక్కను రోజూ అలాగే విరుస్తాడు. వంటగది తలుపుకు అవతల ఆమె ఆ చప్పుడు వింది. తల తలుపుకేసి కొట్టుకుంది, గోళ్ళతో చెక్క గీకింది, గొంతు పోయేదాకా అరిచింది. పాప ఒక్కసారే అరిచి ఊరుకుంది.

అప్పుడు అతను ఏడవడం మొదలుపెట్టాడు. పాపను తువ్వాలులో చుట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. "మా ఆవిడకు కోపం వస్తే ఒళ్ళు తెలీదు, పిల్లను కర్రతో కొట్టింది, నేను వచ్చేసరికే అంతా అయిపోయిందండీ" అని దారి పొడుగునా చెప్పుకుంటూ ఆస్పత్రికి వెళ్ళాడు. అరుపులు విని పక్కింటావిడ వచ్చి వంటగది గడియ తీసేసరికి, నుదురు చిట్లి, వేళ్ళనుంచి రక్తం కారుతూ ఆమె పిచ్చిదానిలా బయటికి వచ్చింది. చూసినవాళ్ళంతా పెట్టెలాయన మాటే నమ్మారు. గడియ ఎందుకు పెట్టి ఉందంటే, ఇంకా కొడుతుందేమోనని భయపడి పెట్టానన్నాడు. పోలీసులు ఆమెనే తీసుకెళ్ళారు.

నేను స్టేషనుకు వెళ్ళాను. బెంచీమీద గోడకు ఆనుకుని కూర్చుంది. నుదుటిమీద నెత్తురు ఎండి ఉంది. నన్ను చూసి ఒకటే అడిగింది.

"సోమవారం చీటీ చదివారా సార్?"

"ఈరోజు చదివానమ్మా."

ఆమె తల ఊపింది. నేను అక్కడే నిలబడ్డాను. తిట్టినా కొట్టినా బాగుండేది. "నోటితో చెప్తే మీరు నమ్మాలో వద్దో ఆలోచించాలి. చీటీ అయితే ఎలాగూ చదువుతారు కదా, జీతానికైనా చదువుతారు కదా అని రాశాను" అంది.

మర్నాడు ఆమెను విడిచిపెట్టారు. పాపను మాత్రం తండ్రికి ఇచ్చారు, విచారణ తేలేదాకా. ఊరినుంచి నాయనమ్మ వచ్చిందిగా, చూసుకుంటుంది అన్నారు. విరిగిన చేత్తో ఆ పిల్ల మళ్ళీ ఆ పనిబల్ల ఉన్న ఇంటికే వెళ్ళింది. ఎవరు చేశారని అడిగితే గోడవైపు చూసేది. విచారణకు మూడు వారాలు గడువు పడింది. ఆ మూడు వారాల్లో అతనికి మళ్ళీ ఎప్పుడు కోపం వస్తుందో అన్నదే మా అందరి ఆలోచన. వాక్యాలమ్మ తన అక్క ఇంట్లో ఉంటూ రోజూ ఆ వీధి మొగలో నిలబడేది, కిటికీలో పాప కనిపిస్తుందేమోనని.

ఆ వారం నేను సొరుగులన్నీ దింపాను. బ్రేక్ చీటీలు నూట పన్నెండూ బయటికి తీసి తేదీల వరసలో నేలమీద పరిచాను. అర్థాలవారీగా చెదిరి ఉన్నప్పుడు అవి వాక్యాలు. తేదీలవారీగా చూస్తే ఒక మనిషిని కొద్దికొద్దిగా చంపడం. ఫిబ్రవరిలో కప్పు, టీ చల్లారిందని. ఆ వారంలోనే గడియ, ఆమె పెరట్లోకి పారిపోయి తలుపు వేసుకుంటే. మార్చిలో గోరు. ఏప్రిల్లో పన్ను, సగం ముక్క మింగేసిందట, అడ్డొచ్చిన కూతురు చూడకుండా. మేలో పాప పెంచుకున్న కుక్కపిల్ల. పెట్టెచెక్కమీద తడిచేసిందని బూటుకాలితో తొక్కి వెన్ను విరిచాడు, పాప చేతనే గోనెసంచిలో వేయించాడు. దాన్ని నేను 'జంతువులు' అన్న సొరుగులో వేసి, ఉదాహరణ కాస్త మొరటుగా ఉందని రాశాను. జూన్‌లో 'నిన్ను లొంగదీసేదాకా వదలను అన్నాడు'. వర్షాకాలంలో మణికట్టు. ఆ తరవాత రెండు పక్కటెముకలు, ఒకటి కాదు, రెండు, వేరువేరు రోజుల్లో. పెద్దాయన నా వెనక నిలబడి చదువుతూ మధ్యలో కూర్చుండిపోయాడు.

"ఇదంతా మన నియమం ప్రకారమే రాసిందయ్యా. మనమే చదవలేదు" అన్నాడు.

ఆమె తరఫు లాయరమ్మ చీటీలన్నీ చూసి, సోమవారం ముద్ర ఉన్న ఆ ఒక్కటి పక్కన పెట్టింది. "సంఘటనకు ఒకరోజు ముందు మీ ఆఫీసుకు చేరింది. ఇదే బలం. కాని అవతలివాళ్ళు ఒకటి అంటారు. నిఘంటువు వాక్యాలు ఉత్తుత్తివి, నిజమని మీరు కూడా అనుకోలేదు, అనుకుంటే ఊరుకుంటారా అంటారు. దానికి మీ జవాబేంటో ఆలోచించుకోండి" అంది.

ఆలోచించాను. నిద్రలేకుండా జవాబులు తయారుచేసుకున్నాను. పని ఒత్తిడి అని ఒకటి, అనుమానం వచ్చింది కాని రూఢి లేదు అని ఒకటి. భాష దిద్దేవాణ్ణి కదా, తప్పించుకునే వాక్యాలు నాకు చక్కగా వస్తాయి.

విచారణ గది చిన్నది, నాలుగు బెంచీలు, కిర్రుమనే ఫ్యాను. పెట్టెలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికీ నమస్కారాలు పెట్టాడు. వీధివాళ్ళు ఐదుగురు వచ్చి అతను దేవుడులాంటివాడని చెప్పారు. పాప నాయనమ్మ పక్కన ముందు బెంచీలో కూర్చుంది, పిండికట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. వాక్యాలమ్మ ఆ చెయ్యినే చూస్తూ ఉంది. ఆ పూట తేడావస్తే ఆ చెయ్యి మళ్ళీ ఆ ఇంటికే పోతుంది.

అతని లాయరు నా వంతు రాగానే చీటీలు పేకలా పట్టుకుని లేచాడు.

"ఈ ఎర్రరాతలు మీవేనా?"

"నావే."

"చదువుతాను. 'బాగుంది.' 'సహజంగా ఉంది.' 'మొహం మొత్తుతుంది, కర్త మార్చండి.' అయ్యా, ఒక ఆడమనిషి నిజంగా దెబ్బలు తింటున్నానని రాస్తే, తెలివున్నవాడెవడైనా కర్త మార్చమంటాడా?"

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. పెట్టెలాయన కూడా తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు.

"అంటే ఇవి ఉత్తి ఉదాహరణలని మీకు తెలుసు. నిజమని ఒక్కరోజు కూడా అనుకోలేదు. అంతేనా?"

అవునంటే నా పరువు దక్కుతుంది. నేను అమాయకుణ్ణి, కాగితాల పురుగును, నాకేం తెలుసు. పాప వెళ్ళి ఆ ఇంట్లో పడుకుంటుంది. తయారుచేసుకున్న జవాబులన్నీ నోటిదాకా వచ్చాయి. ప్రతిదానిలోనూ 'కాని' ఉంది.

"తెలుసు" అన్నాను.

"ఏం తెలుసు?"

"నిజమని తెలుసు. గోరు దగ్గరనుంచి తెలుసు. చెయ్యి విరిగి వచ్చిననాడు చూశాను, అబద్ధం చెప్తోందని తెలిసింది. చూసింది తప్ప మా దగ్గర రాయకూడదు. ఆవిడ చూసిందే రాసింది. నేను తెలిసే దిద్దాను."

లాయరు చేతిలో చీటీలు దించాడు. ఇలాంటి జవాబు అతను అనుకోలేదు. పరువు తీస్తే వెనక్కి తగ్గుతాననుకుని ఇంకో మెట్టు ఎక్కాడు.

"తెలిసి కూడా పోలీసులకు చెప్పలేదు, అడగలేదు, పద్నాలుగు నెలలు కామాలు పెడుతూ కూర్చున్నారు. ఇది నమ్మమంటారా?"

"నమ్మండి. కామాలు పెడుతూ కూర్చున్నాను. సోమవారం నాది ముందు చూడమని ఆవిడ అడిగింది కూడా. వరసలో వస్తుందన్నాను. ఆ రోజే చదివి ఉంటే ఈ పాప చెయ్యి బాగుండేది."

గదిలో ఎవరూ నవ్వలేదు. జడ్జి సోమవారం చీటీ అడిగి తీసుకుని, ముద్ర చూసి, గుమస్తా రిజిస్టరు తెప్పించి తేదీ సరిపోల్చాడు. చాలాసేపు చదివాడు. పెట్టెలాయన మొహంలో నవ్వు ఎక్కడికి పోయిందో, అతను బెంచీ అంచు పట్టుకుని భార్యవైపు చూసిన చూపు ఆ గదిలో అందరూ చూశారు. అప్పటిదాకా ఆ చూపు ఇద్దరే చూశారు. ఇంట్లో ఉండాల్సింది పొరపాటున బయటికి వచ్చింది. జడ్జి కూడా తలెత్తి చూశాడు.

పాపను తల్లికి ఇమ్మన్నారు. పెట్టెలాయనను పక్క తలుపులోంచి పోలీసులు తీసుకెళ్ళారు. నాయనమ్మ మెల్లిగా పాప వీపుమీద చెయ్యివేసి ముందుకు తోసింది. వాక్యాలమ్మ నేలమీద కూలబడి, పిండికట్టు తగలకుండా, ఆ పిల్లను ఎలా పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకుంది.

వరండాలో నేను వాళ్ళకోసం నిలబడ్డాను. క్షమించమని అడగాలని కాదు, ఏదో ఒకటి అంటే బాగుంటుందని. ఇద్దరూ వచ్చారు. పాప నా ఎదురుగా ఆగి, కళ్ళద్దాల్లోకి పరీక్షగా చూసింది. చెయ్యి విరిగాక ఆ పిల్ల ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి.

"అమ్మా, ఈ తాతకి ముందే తెలుసా?"

"తెలుసు. పద" అంది వాక్యాలమ్మ. పాప బాగున్న చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.